2019ని దాటేశామా? విమాన ప్రయాణాల లెక్కల్లో ఉన్న చిక్కుముళ్లు

విమాన ప్రయాణాలు కోవిడ్‌కు ముందటి 2019 స్థాయికి చేరాయా అన్నదానికి, 2024 సంవత్సరానివే మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఐరోపా ఆకాశంలో ఆ ఏడాది తిరిగిన ఫ్లైట్లు 2019తో పోలిస్తే సుమారు 4 శాతం తక్కువ. ప్రపంచం మొత్తమ్మీద విమాన ప్రయాణం 2019 కంటే 3.8 శాతం ఎక్కువ. మన దేశంలో దేశీయ ప్రయాణికులు 2019 కంటే దాదాపు 12 శాతం ఎక్కువ. మొదటిది ఐరోపా గగనతల రాకపోకలను సమన్వయం చేసే యూరోకంట్రోల్ లెక్క, రెండోది విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏది, మూడోది మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏది. మూడూ నిజమే. మొదటి లెక్క విమానాలది, రెండోది మనుషులు తిరిగిన కిలోమీటర్లది, మూడోది విమానం ఎక్కిన మనుషులది. ఈ తేడా చెప్పకుండా ‘కోలుకుంది’ అనో ‘ఇంకా కోలుకోలేదు’ అనో శీర్షిక పెట్టేస్తే చదివినవాళ్లకు ఏమీ తేలదు.

విశాఖ వాసులకు ఈ గజిబిజి ఇంకాస్త ఎక్కువ. మనది నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద నడిచే పౌర విమానాశ్రయం. సర్వీసుల రాకపోకలు ప్రయాణికుల గిరాకీని బట్టే కాకుండా రన్‌వే వేళలను బట్టి కూడా మారుతుంటాయి. పైగా ఈ లెక్కంతా భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారాల్సి ఉంది. అందుకే అంకెలు ఎక్కడ పుడతాయో మొదటి నుంచీ చూద్దాం.

ఫ్లైటు, సీటు, ప్రయాణికుడు, కిలోమీటరు: నాలుగూ వేర్వేరు కొలతలు

ఒక టేకాఫ్ నుంచి ఒక ల్యాండింగ్ వరకు ఒక ఫ్లైటు. విమానాశ్రయాలు మాత్రం ‘రాకపోకలు’ లెక్కపెడతాయి. దిగితే ఒకటి, ఎగిరితే ఒకటి. పొద్దున్నే హైదరాబాద్ నుంచి వచ్చి మళ్లీ అక్కడికే వెళ్లిపోయే విమానాన్ని తీసుకోండి. అది నడిపినవి రెండు ఫ్లైట్లు. విశాఖ పుస్తకంలో రెండు రాకపోకలు, హైదరాబాద్ పుస్తకంలో మరో రెండు. అన్ని విమానాశ్రయాల అంకెలూ కూడి ‘ఇన్ని ఫ్లైట్లు నడిచాయి’ అంటే దేశీయ ఫ్లైట్లు రెట్టింపయిపోతాయి.

ఫ్లైట్లు లెక్కపెట్టినంత మాత్రాన సీట్లు తెలియవు. ఏటీఆర్ 72 విమానంలో 78 సీట్ల దాకా ఉంటాయి. ఎయిర్‌బస్ ఏ321నియోలో కొన్ని సంస్థలు 232 వరకు అమర్చాయి. ఒక రూటులో రోజుకు 6 ఏటీఆర్‌లు తిరిగితే 468 సీట్లు. వాటిని ఆపేసి 3 ఏ321లు పెడితే 696 సీట్లు. ఫ్లైట్లు సగానికి పడిపోయాయి, సీట్లు దాదాపు 49 శాతం పెరిగాయి. ఐరోపాలో ఫ్లైట్లు 2019 స్థాయికి రాకముందే ప్రయాణికులు ఆ స్థాయిని దాటడానికి ముఖ్య కారణం ఇదే. విమానాలు పెద్దవయ్యాయి, సీట్లు మునుపటికన్నా ఎక్కువగా నిండుతున్నాయి. అయితే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునే వ్యాపారికి ఆరు సర్వీసులు మూడు కావడం నష్టమే. సీట్ల లెక్కలో ఆ నష్టం కనబడదు.

ప్రయాణికుల లెక్కలోనూ మనిషికీ అంకెకీ మధ్య దూరం ఉంది. గాజువాక నుంచి ఒకాయన హైదరాబాద్ మీదుగా దుబాయ్ వెళ్లి అదే దారిలో తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు విశాఖలో ఎక్కారు (1), హైదరాబాద్‌లో దిగారు (2), అక్కడే ఇంకో విమానం ఎక్కారు (3). వచ్చేటప్పుడు మళ్లీ అవే మూడు. మనిషి ఒక్కడే, మన దేశ విమానాశ్రయాల పద్దుల్లో ఆరుగురు. విమాన సంస్థల లెక్కలో దేశీయం రెండు, అంతర్జాతీయం రెండు. దుబాయ్‌కి విశాఖ నుంచే నేరుగా వెళ్లి వచ్చి ఉంటే ఆ ఆరు కాస్తా రెండు అయ్యేది. కాబట్టి కొత్తగా నేరు సర్వీసు పడినప్పుడు, ప్రయాణం చేసేవాళ్లు అంతే ఉన్నా దేశం మొత్తమ్మీద ‘ప్రయాణికుల’ అంకె కొంత తగ్గవచ్చు. అది ప్రయాణికుడికి మేలు జరిగినందువల్ల వచ్చిన తగ్గుదల.

ఇక కిలోమీటర్లు. టికెట్టు కొన్న ప్రయాణికుల సంఖ్యను దూరంతో గుణిస్తే వచ్చేది ఆర్‌పీకే. అమ్మకానికి పెట్టిన సీట్లను దూరంతో గుణిస్తే ఏఎస్‌కే. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే శాతమే లోడ్ ఫ్యాక్టర్, అంటే విమానం ఎంత నిండిందన్నది. విశాఖ నుంచి హైదరాబాద్ ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు, సింగపూర్ సుమారు 2,900. రెండు చోట్లకీ 180 సీట్ల విమానమే వెళ్లిందనుకుందాం. హైదరాబాద్ విమానంలో 153 మంది, సింగపూర్ విమానంలో 135 మంది ఉన్నారు.

హైదరాబాద్: ఆర్‌పీకే 76,500, ఏఎస్‌కే 90,000. నిండినది 85 శాతం.
సింగపూర్: ఆర్‌పీకే 3,91,500, ఏఎస్‌కే 5,22,000. నిండినది 75 శాతం.

సగటు 80 శాతం అనిపిస్తుంది. కాని రెండు ఆర్‌పీకేలూ కూడి, రెండు ఏఎస్‌కేల మొత్తంతో భాగిస్తే 76.5 శాతమే వస్తుంది. దూరపు ఫ్లైటుకు బరువెక్కువ. హైదరాబాద్ విమానం ఒకటి తగ్గినా ఐఏటీఏ అంకె పెద్దగా కదలదు. సింగపూర్ విమానం ఆగితే ఐదింతలకు పైగా కదులుతుంది.

ఇక్కడొక సూక్ష్మం. ఈ కొలతల్లో దూరమంటే రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దూరమే. విమానం నిజంగా తిరిగినంత దూరం అందులోకి రాదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే ఫ్లైట్లు చుట్టు తిరగాల్సి వచ్చింది. గాల్లో గంటలు పెరిగాయి, ఇంధనం ఖర్చు పెరిగింది. ఆర్‌పీకే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు.

ఆకాశంలో ఫ్లైట్లను లెక్కపెట్టేది ఎవరు?

డీజీసీఏ అంకెలు నెల గడిచాక వస్తాయి. ‘నిన్న ప్రపంచమంతటా ఇన్ని ఫ్లైట్లు’ అని, విమానాల కదలికలను పటం మీద చూపే ఫ్లైట్‌రాడార్24 వంటి ట్రాకింగ్ సేవలు మర్నాటికే చెప్పగలగడానికి కారణం ఏడీఎస్-బీ అనే రేడియో ఏర్పాటు. విమానం తానెక్కడ ఉందో ఉపగ్రహాల సాయంతో తెలుసుకుని, ఆ వివరాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు దాదాపు రెండుసార్లు ప్రసారం చేస్తుంది. ఎవరికని లేదు, వినగలిగిన వాళ్లందరికీ. డాబా మీద చిన్న యాంటెన్నా, దానికో రిసీవరు, అరచేతిలో పట్టే కంప్యూటరు ఉంటే చాలు, ఆ ప్రసారం అందుతుంది. ఈ ఫ్రీక్వెన్సీకి పావు తరంగపు యాంటెన్నా పొడవు 7 సెంటీమీటర్లకు కాస్త తక్కువే. ఇలాంటి వేలాది రిసీవర్లు పంపే సమాచారమే ట్రాకింగ్ పటం.

ఒక్కో సందేశంలో ఏముంటుందో తెలిస్తే ఈ లెక్క బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. విమానానికి శాశ్వతంగా ఇచ్చిన ఆరు అక్షరాల చిరునామా ఉంటుంది. మన దేశంలో నమోదైన విమానాలకు అది 80, 81, 82, 83లలో ఒకదానితో మొదలవుతుంది. ఆ పూట ఫ్లైటు పిలుపు పేరు, ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు, వేగం కూడా వస్తాయి. ఎక్కడి నుంచి ఎక్కడికన్నది మాత్రం ఆ ప్రసారంలో ఉండదు. పిలుపు పేరును టైమ్‌టేబుల్‌తో పోల్చి ట్రాకింగ్ సంస్థలే దాన్ని చేరుస్తాయి. అందుకే దారి మళ్లిన ఫ్లైటు కాసేపు తప్పు గమ్యంతో కనబడుతుంది. లోపల ఎంతమంది కూర్చున్నారన్నది ఏ సందేశంలోనూ ఉండదు. నిండిన విమానమూ ఖాళీ విమానమూ పటం మీద ఒకే పసుపు బొమ్మ.

రెండో బలహీనత భూమి గుండ్రన. ఈ రేడియో తరంగాలు దాదాపు చూపు పారినంత మేరకే పోతాయి. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం నేల మీది యాంటెన్నాకు ఎక్కువలో ఎక్కువ 425 కిలోమీటర్ల దాకా వినబడుతుంది. అదే విమానం 3,000 అడుగులకు దిగితే ఆ హద్దు 125 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. విశాఖలో ఆ మేర కూడా అన్ని దిక్కులా దొరకదు. ఎంవీపీ కాలనీలో మేడ మీద యాంటెన్నా పెడితే ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క సింహాచలం కొండలు అడ్డం. సముద్రం వైపు మాత్రం అడ్డేమీ లేదు. కాబట్టి బంగాళాఖాతం మీద ఎత్తున పోయే ఫ్లైటు చక్కగా అందుతుంది. ఎయిర్‌పోర్టుకు దిగుతూ మేడల వెనక్కి జారిన విమానం చివరి నిమిషాల్లో తెగిపోతుంది. ఉప్పుగాలి మాట సరేసరి. యాంటెన్నా కనెక్టరు చిలుము పట్టిందంటే వినికిడి దూరం నానాటికీ తగ్గుతుంది. పటం మీద అది ‘విమానాలు తగ్గినట్టే’ ఉంటుంది. పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు ఇదే తిరకాసు తిరగేసి వస్తుంది. ఒక ప్రాంతంలో కొత్తగా రిసీవర్లు పెరిగితే, ఫ్లైట్లు పెరగకపోయినా లెక్క పెరుగుతుంది.

సింగపూర్ ఫ్లైటు తీరం విడిచి నాలుగు వందల కిలోమీటర్లు దాటాక నేల మీది యాంటెన్నాల చెవికి అందదు. అండమాన్ వైపో, అవతలి తీరంలోనో మళ్లీ ఎవరికో వినబడే దాకా పటం మీద కదిలే బొమ్మ చాలావరకు అంచనా. ఇరిడియం ఉపగ్రహాల మీద అమర్చిన రిసీవర్లు ఈ సముద్రపు ఖాళీలను చాలావరకు పూడ్చాయి. ఆ సమాచారం ఉచిత సేవలన్నింటిలోనూ ఉండదు.

మూడోది, ‘అన్ని ఫ్లైట్లు’, ‘వాణిజ్య ఫ్లైట్లు’ అనే రెండు గీతలు. మొదటిదానిలో సొంత జెట్లు, హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు కూడా ఉంటాయి. రెండోదానిలో ప్రయాణికుల విమానాలతో పాటు సరకు విమానాలూ ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. వాణిజ్య ఫ్లైట్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గినట్టు ట్రాకింగ్ చూపింది. అదే నెలలో ఐఏటీఏ ఆర్‌పీకే 94 శాతం పడిపోయింది. సరకు విమానాలు ఆగలేదు, నడిచిన కొద్ది ప్రయాణికుల విమానాల్లో సీట్లు ఖాళీ, దూరపు అంతర్జాతీయ ప్రయాణాలు దాదాపు సున్నా. రెండు అంకెల మధ్య దూరమే ఆ నెల కథ.

ఇక ఐఎన్ఎస్ డేగాలో ఎగిరే నేవీ డోర్నియర్లు, హెలికాప్టర్లు చాలావరకు ఈ పటాల్లోకి రావు. విమానాశ్రయం దగ్గరి ఎన్ఏడీ కూడలిలో నిలబడి కంటితో లెక్కపెట్టిన అంకెకూ ఫోన్‌లో కనిపించే అంకెకూ తేడా వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

టైమ్‌టేబుల్‌లో ఉన్నది, నిజంగా ఎగిరింది

ఓఏజీ, సిరియం వంటి సంస్థలు విమాన సంస్థల టైమ్‌టేబుళ్లు సేకరిస్తాయి. వాటితో ఉన్న సుఖం, రాబోయే నెలల్లో ఏ రూటులో ఎన్ని సీట్లు పెట్టబోతున్నారో ముందే తెలియడం. ఇబ్బంది, అవి ఉద్దేశాలు మాత్రమే కావడం. 2025 డిసెంబరు 5న ఇండిగో ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. పైలట్ల డ్యూటీ, విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు తగినంతమంది సిబ్బందిని సర్దుకోలేకపోవడం అందుకు ముఖ్య కారణం. ఆ వారానికి ముందుగా వేసిన టైమ్‌టేబుల్ తీసి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. ఆకాశాన్ని వినే లెక్కలోనే గొయ్యి కనబడుతుంది. ఇంకొకటి, కోడ్‌షేర్. ఒకే విమానం రెండు సంస్థల నంబర్లతో బోర్డు మీద కనిపిస్తుంది. నంబర్లను లెక్కపెడితే ఒకటి రెండవుతుంది.

శాతాలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి

డీజీసీఏ దేశీయ ప్రయాణికుల అంకెలు చూడండి. 2019లో 14.42 కోట్లు. 2020లో 6.30 కోట్లు. 2021లో 8.38 కోట్లు. 2022లో 12.32 కోట్లు. 2023లో 15.20 కోట్లు. 2024లో 16.13 కోట్లు.

2021లో ‘33 శాతం వృద్ధి’. నిజమే, కాని 2019 కంటే ఇంకా 42 శాతం తక్కువ. 2022లో ‘47 శాతం వృద్ధి’. అదీ నిజమే, అయినా దాదాపు 15 శాతం లోటు. 2024లో వృద్ధి 6 శాతమే, చూడ్డానికి చప్పగా ఉంటుంది, కాని అది అప్పటికి అన్నిటికన్నా పెద్ద సంఖ్య. లోతుగా పడిన ఏడాదిని పునాదిగా తీసుకుంటే చిన్న అడుగు కూడా గెంతులా కనబడుతుంది. 14.42 నుంచి 6.30కి పడటం 56 శాతం తగ్గుదల. తిరిగి 14.42కి చేరడానికి కావాల్సింది 129 శాతం పెరుగుదల.

పైగా ఆ రెండేళ్ల అంకెలు గిరాకీని మాత్రమే చెప్పవు. 2020 మార్చి 25న ఆగిన దేశీయ సర్వీసులు మే 25న మళ్లీ మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 26న. అప్పుడు అనుమతి కోవిడ్‌కు ముందున్న సర్వీసుల్లో మూడో వంతుకే. ఆ పరిమితి 45, 60, 70, 80 శాతాలకు పెరిగి, రెండో అల దెబ్బకు 2021 జూన్‌లో మళ్లీ 50కి దిగి, 65, 72.5, 85 దాటుకుని 2021 అక్టోబర్ 18న పూర్తిగా తొలగింది. టికెట్ ధరల మీద కింది పై హద్దులు 2022 ఆగస్టు 31 దాకా ఉన్నాయి. రెగ్యులర్ అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గానీ తిరిగి మొదలవ్వలేదు. ఈ తేదీలు పక్కన లేకుండా 2021 గీతను చదివితే, ప్రభుత్వం పెట్టిన పైకప్పును జనం భయంగానో జనం ఉత్సాహంగానో పొరబడతాం.

పండగ కదిలితే నెల కదులుతుంది

2023లో దీపావళి నవంబర్ 12న, 2024లో అక్టోబర్ 31న వచ్చింది. అక్టోబర్‌ను అక్టోబర్‌తో పోలిస్తే 2024లో పండగ ప్రయాణాలు అదనంగా కలుస్తాయి. నవంబర్‌లో ఆ మేరకు తరుగుతాయి. రెండు నెలలూ కలిపి చూస్తేనే న్యాయం. మన సంక్రాంతి ఈ విషయంలో మంచిది. సౌరమానం పండగ కాబట్టి జనవరి మధ్యను దాటిపోదు. అయితే అది ఏ వారం పడిందన్నదాన్ని బట్టి ముందూ వెనకా సెలవులు అతుక్కుని రద్దీ ఎన్ని రోజులు సాగుతుందో మారుతుంది.

2024 ఫిబ్రవరికి 29 రోజులు. రోజువారీ ఫ్లైట్లు ఒక్కటి పెరగకపోయినా నెల మొత్తం 3.6 శాతం పెరిగినట్టు వస్తుంది. రోజువారీ లెక్కల్లో వారం లయ ఉంటుంది కాబట్టి ట్రాకింగ్ సంస్థలు ఏడు రోజుల సగటు గీస్తాయి. నిరుటితో పోల్చేటప్పుడు 365 రోజులకు బదులు 364 రోజులు వెనక్కి వెళ్తే శుక్రవారం శుక్రవారంతోనే పడుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం శీతాకాల షెడ్యూలు, మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూలు మొదలవుతాయి. ఆ వారాల్లో సర్వీసులు ఒక్కసారిగా మారితే అది చాలావరకు టైమ్‌టేబుల్ మార్పే.

గిరాకీ తగ్గకుండానే ఫ్లైట్లు తగ్గితే

2023 నవంబర్ నుంచి కొన్ని నెలల పాటు విశాఖ రన్‌వేకు కొత్త పూత వేసేందుకు రాత్రివేళ మూసేశారు. రాత్రి సర్వీసులు కొన్ని పగటికి జరిగాయి, కొన్నిటికి చోటు దొరకలేదు. ఆ నెలల గీత చూసి ‘విశాఖ ప్రయాణాలు మందగించాయి’ అంటే అది తారు పనిని జనం మీదికి నెట్టడమే. దేశవ్యాప్తంగా ఇంకో కారణం ఇంజిన్లు. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్లలో లోహపు పొడితో చేసిన భాగాలకు లోపం ఉందని 2023 జులైలో బయటపడింది. తనిఖీలకూ మరమ్మతులకూ ఇంజిన్లు దిగిపోవడంతో ఎగరాల్సిన విమానాలు నేల మీద ఉండిపోయాయి. టికెట్టు దొరకని రోజుల్లో గిరాకీని ప్రయాణికుల సంఖ్య చెప్పలేదు. విమానాలు ఎంత నిండాయో, టికెట్టు ధర ఎంత పెరిగిందో కూడా కలిపి చూస్తేనే అది బయటపడుతుంది. 2024లో ప్రపంచ లోడ్ ఫ్యాక్టర్ 83.5 శాతం, అప్పటికి రికార్డు. అందులో ప్రయాణికుల ఉత్సాహమూ ఉంది, విమానాల కొరతా ఉంది.

2019 సరైన కొలబద్దేనా?

ఇక్కడ నిపుణుల్లోనే రెండు వాదనలున్నాయి. పోయిన చోటికి తిరిగి చేరితే కోలుకున్నట్టేనని ఒకటి. ఈ కొలతలో 2020లో మూడింట రెండు వంతులు కోల్పోయిన ప్రపంచ ఆర్‌పీకే, 2023లో 2019 స్థాయిలో 94 శాతానికి చేరి, 2024లో దాన్ని దాటింది. సులభమైన, అందరూ సరిచూసుకోగల లెక్క.

కోవిడ్ రాకపోయి ఉంటే ఎక్కడ ఉండేవాళ్లమో దానితో పోల్చాలని రెండోది. ఏటా 4 శాతం పెరిగేదనుకుంటే 2019లో 100 ఉన్నది 2024కు 121.7 అవ్వాలి. ఉన్నది 103.8. అంటే ఇంకా 15 శాతం వెనక. విమానాశ్రయాల విస్తరణ, విమానాల ఆర్డర్లు లెక్కగట్టేవాళ్లకు ఈ ప్రశ్నే ముఖ్యం. దీని బలహీనత ఆ 4 శాతంలోనే ఉంది. 5 శాతం అనుకుంటే లోటు 19 శాతం అవుతుంది, 3 శాతం అనుకుంటే 10 శాతం. ఊహను బట్టి తీర్పు మారుతుంది.

2019 కూడా మచ్చలేని సంవత్సరమేమీ కాదు. ఆ ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. మార్చి నుంచి బోయింగ్ 737 మ్యాక్స్‌లు ప్రపంచమంతటా నేల మీదే ఉన్నాయి. కాస్త కుంగిన ఏడాదిని దాటడం కొంచెం తేలికే.

నా దృష్టిలో విశాఖ వంటి ఊరికి ఈ రెండిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది. ఇక్కడి నుంచి నేరుగా ఎన్ని ఊళ్లకు వెళ్లగలం, రోజుకు ఎన్నిసార్లు? ప్రయాణికులు 10 శాతం పెరిగి, ఆ పెరుగుదలంతా హైదరాబాద్, బెంగళూరు విమానాల్లోనే పడితే, ఆ అంకెలో చాలామంది అక్కడ దిగి ఇంకో విమానం కోసం గంటలు కాచుకునేవాళ్లే. అది వృద్ధి అవునో కాదో కూర్చున్నవాళ్లనడిగితే తెలుస్తుంది.

భోగాపురంతో తెగే గీత

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 60 లక్షల మంది, రన్‌వే 3,800 మీటర్లు. ఇప్పటి మన రన్‌వే 3,050 మీటర్లు. పౌర సర్వీసులు అక్కడికి మారే నెలలో డేగా పద్దు ఒక్కసారిగా పడిపోతుంది, కొత్త పద్దు సున్నా నుంచి లేస్తుంది. విడివిడిగా చూస్తే ఒకచోట పతనం, ఒకచోట అద్భుతం. రెండూ కూడాలి.

కూడినా అన్నీ సరిపోవు. శ్రీకాకుళం వాళ్లకు విమానాశ్రయం దగ్గరవుతుంది, ఇన్నాళ్లూ రైలెక్కినవాళ్లు కొందరు విమానం వైపు మళ్లుతారు. అనకాపల్లి, తుని వాళ్లకు దూరమవుతుంది, కొందరు రాజమహేంద్రవరం వైపు చూస్తారు. అంటే లెక్కపెట్టే జనమే మారిపోతారు. ఇలాంటిది హైదరాబాద్‌లో ఒకసారి జరిగింది. 2008 మార్చిలో బేగంపేట నుంచి సర్వీసులన్నీ శంషాబాద్‌కు మారినప్పుడు ‘హెచ్‌వైడీ’ అనే కోడ్ కూడా వాటి వెంటే వెళ్లింది. ఈ రోజు ఎవరైనా ఆ కోడ్ పట్టుకుని ఇరవై ఏళ్ల గీత గీస్తే, 2008 ముందు భాగం ఒక ఊరి నడిబొడ్డున ఉన్న విమానాశ్రయానిది, తర్వాతి భాగం ఊరికి దూరంగా ఉన్న ఇంకో విమానాశ్రయానిది. బ్యాగు ట్యాగు మీద మనం చూసే విశాఖ కోడ్ ‘వీటీజెడ్’ గీతకు కూడా, సర్వీసులు మారిన తేదీ దగ్గర నిలువుగా ఒక గుర్తు పెట్టి, దానికి ముందున్న పన్నెండు నెలలనూ తర్వాతి పన్నెండు నెలలనూ విడిగానే చదవాల్సి ఉంటుంది.